ముత్యాలయ్య తట్టి చూసిన కారు

మా తమ్ముడు ముత్యాలయ్య కుడిచేతి నడిమి వేలు చూస్తే ఎవురికైనా నవ్వొస్తుంది. కణుపు మీద చర్మం చింతగింజ మాదిరి నల్లగా, నున్నగా, గట్టిగా ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా పడవల్ని తట్టీ తట్టీ అట్లా అయింది. మైపాడులో ఫైబర్ పడవకి చిల్లి పడితే మాటు వేసేది వాడే. పాత పడవ కొనాలన్నా ముందు వాడినే పిలుచుకొని పోతారు. వాడు పడవ చుట్టూ వంగి నడుస్తా, ఆ కణుపుతో టకటకా కొట్టుకుంటా, చెవి ఆనించి వింటాడు. గట్టిగా ఉన్నచోట ఒక మోత. లోపల పాడై పైన జిగురు పూసినచోట ఇంకో మోత. ఆ తేడా వాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. నేనూ చానాసార్లు తట్టి చూసినా. వేలు నొప్పి పుట్టింది, అంతే.

పెద్ద చదువులు చదివినోళ్లు వాడి గురించి రాయరు. అందుకని మూడో తరగతితో బడి మానేసిన నేనే రాస్తున్నా. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి, నన్ను మాత్రం దిద్దొద్దు.

అల మీద పడవ నిట్టనిలువుగా లేచినా బెదరని మనిషి, రోడ్డు మీద బండి ఎక్కితే పిల్లి అయిపోతాడు. ఆటోలో ఇద్దరి నడుమ ఇరుక్కొని కూర్చుంటాడు. బస్సులో ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడంటే నెల్లూరు వచ్చేదాకా వదలడు. కండక్టరు టికెట్ ఇస్తే నేను తీసుకోవాల. "నీళ్లలో పడితే మెత్తగా ఉంటదక్కా, తారు రోడ్డు మెత్తగా ఉంటదా?" అంటాడు. అరవై నాలుగేళ్లొచ్చినాయి, ఇప్పటికీ ఆ భయం పోలా.

వాడి మాటకి ఊళ్లో విలువ ఊరికే రాలేదు. ఒక్కసారి తప్పినాడు, అదీ నా మూలంగానే. పాతికేళ్ల కింద మా ఇంటాయన గంగులయ్య ఒక పచ్చరంగు పడవ చూసి మోజుపడినాడు. నేను అంతకంటే మోజుపడినా. మావాడు తట్టినాడు. అడుగున ఒకచోట రెండోసారి తట్టినాడు. తలెత్తి నా మొహం చూసినాడు. నేనప్పటికే పసుపు కుంకుమ పళ్లెం పట్టుకొని నిలబడి ఉన్నా. "బాగుందక్కా" అన్నాడు. మూడో వారం ఆ పడవ సముద్రంలో అడుగు విడిచింది. మా ఆయన డీజిల్ క్యాను కావలించుకొని నాలుగు గంటలు తేలి, పక్కూరోళ్ల పడవలో ఇల్లు చేరినాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కొని, మా తమ్ముడిని పిలిపించి, "ఏం బామ్మర్దీ, క్యాను మాత్రం గట్టిదే, దాన్నేమన్నా తట్టి చూసినావా?" అన్నాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బతికినాడు, ప్రతి పండక్కీ ఆ మాట అన్నాడు. ఆ రోజునుంచి మా తమ్ముడు తట్టేటప్పుడు కొనేవాళ్ల మొహం చూడడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా బిందు కారు కావాలనింది.

బిందు నా మనవరాలు. నా కొడుకు శివశంకర్ కూతురు. డిగ్రీ మొదటి సంవత్సరం, నెల్లూరులో కాలేజీ. పద్దెనిమిది నిండినాయి. శివశంకర్ ఐసు లారీ నడుపుతాడు. వాడే కూతురికి కారు నడపడం నేర్పిచ్చి, "మొదటిసారికే లైసెన్సు తెచ్చుకుంటే కారు కొనిస్తా" అని నోరు జారినాడు. ఆడపిల్ల ఆ ఎనిమిది అంకె మీద తిప్పడంలో తప్పుతుందిలే అనుకున్నాడు. మా పిల్ల తప్పలా. లైసెన్సు తెచ్చి వాళ్ల నాయన అన్నం పళ్లెం పక్కన పెట్టింది.

"సరే, పాత కారే కొంటా" అన్నాడు వాడు. "ఇంజను నేను చూస్తా. ఒళ్లు మా మామ చూస్తాడు. ఇద్దరం సరే అంటేనే. చేపల వేట నిషేధం అయిపోయేలోపల దొరికితే సరి. పడవలు మళ్లీ దిగినాయంటే నాకు లారీతోనే తెల్లారుతుంది. అప్పుడు స్కూటీతో సరిపెట్టుకోవాల."

"ఉత్త కారు కాదు నాయనా" అనింది బిందు. "స్పోర్టీగా ఉండాల."

"అంటే ఏందమ్మా?" అన్నాడు మా తమ్ముడు.

"చూస్తేనే దూకేటట్టు ఉండాల తాతా."

వాడు గబుక్కున గోడ పట్టుకున్నాడు, కారు అప్పుడే దూకినట్టు.

మే నెల మొదటి ఆదివారం నలుగురం నెల్లూరు పోయినాము. బైపాస్ పక్కన రంగనాయకులు అనే ఆయన పాత కార్లు అమ్ముతాడు. లోపలికి అడుగు పెట్టినామో లేదో బిందు ఒక ఎర్ర కారు దగ్గర ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, కారు కళగా ఉంది. వెనక డిక్కీ మీద రెక్క. చక్రాలు నల్లగా నిగనిగ. పొగగొట్టాలు రెండు. "ఒక కారుకి రెండెందుకయ్యా, ఒకటి మూసుకుపోతే ఇంకొకటా?" అని అడిగితే రంగనాయకులు నన్ను చూసి నవ్వి, బిందుతో మాట్లాడినాడు. నాకు ఆయన అప్పుడే నచ్చలా.

శివశంకర్ బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, విని, "ఇంజను బాగుంది" అన్నాడు. పిల్ల మొహం వెలిగిపోయింది. ఇక మిగిలింది మా తమ్ముడే.

వాడు చొక్కా చేతులు మడిచి, ముందు చక్రం దగ్గర మొదలుపెట్టినాడు. టక్, టక్, టక్.

"పెద్దాయనా, ఇది కారు, పడవ కాదు" అన్నాడు రంగనాయకులు.

"ఆ సంగతి అది చెప్పాల" అన్నాడు వాడు, చెవి తీయకుండా.

తలుపులు దాటినాడు. వెనక చక్రం పైన ఆగినాడు. రెండోసారి తట్టినాడు. ఈ రెండోసారి తట్టడం నాకు తెలుసు. బిందు ఎదురుగా చేతులు కట్టుకొని నిలబడి ఉంది. మా తమ్ముడు తల ఎత్తలా. నేలని చూస్తానే అన్నాడు.

"ఇక్కడ ఇనుము లేదు. లప్పం ఉంది. ఉప్పుగాలికి తుప్పు తిన్న బండి. తిన్నచోట పూడ్చి రంగేసినారు."

"అయ్యా, చేతితో తట్టి చెప్పేదానికి ఇదేమన్నా పుచ్చకాయా?" అన్నాడు రంగనాయకులు. "పాపా, మీ తాతకి వయసయింది. నీకు నచ్చింది కదా, నువ్వు చెప్పు."

బిందు చెవి పైన అయస్కాంతం పోగు ఒకటి ఉంటుంది. కుట్టించుకోకుండా అంటించుకునే రకం. దాన్ని పీకి తలుపు మీద పెట్టింది. టక్కని పట్టుకుంది. బానెట్ మీద పెట్టింది, పట్టుకుంది. వెనక చక్రం పైన పెట్టింది. జారి కింద పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. మూడోసారి పెట్టింది, మూడోసారీ పడింది. రంగనాయకులుకి ఎవురో ఫోన్ చేసినట్టున్నారు, అట్నే పక్కకి పోయినాడు.

బస్సులో బిందు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇందుకూరుపేట పక్క వరి కోసిన కయ్యలు చూస్తున్నట్టు నటించింది.

"పోనీలే అమ్మణ్ణీ, మీ తాత మంచికే కదా చెప్పింది" అన్నా.

"తాతనేమన్నా అన్నానా అవ్వా? నా పోగు కూడా తాత పార్టీలోకే పోయింది. ఇంక నాకెవురుండారు!"

మా తమ్ముడు కమ్మీ పట్టుకొని అంతా విన్నాడు. ఆ రోజు మా ఇంట్లో అన్నం తినలా.

నిషేధం రెండు నెలలే వాడికి చేతినిండా పని. ఊళ్లో పడవలన్నీ ఒడ్డు మీద బోర్లా పడుకొని వాడికోసం చూస్తుంటాయి. అట్లాంటి రోజుల్లో వాడు వారానికి రెండు రోజులు పని మానుకొని, పగలంతా బస్సుల్లో తిరిగినాడు. వాడు! బస్సెక్కితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే మనిషి! నెల్లూరు, వెంకటాచలం, ముత్తుకూరు. సాయంత్రం వచ్చి అరచెయ్యి చూపిస్తే కమ్మీ గుర్తులు ఎర్రగా పడి ఉండేవి. ఏడు కార్లు తట్టినాడు. ఒకచోట అమ్మకానికి పెట్టని కారు తట్టితే ఇంటామె చీపురు తీసుకొని వచ్చిందంట.

"ఎందుకురా నీకీ తిప్పలు? స్కూటీ కొనుక్కుంటుందిలే" అన్నా.

"లేదక్కా. బిడ్డ దూకుడు కావాలనింది, దాంట్లో తప్పేముంది? మొదటిసారి చుక్కాని పట్టేవాడికి మనమేం పడవ ఇస్తాం? చెయ్యి ఇట్లా అంటే అట్లా తిరిగేదే ఇస్తాం. కాకపోతే తిరిగేముందు వాడికి చెప్పాల, ఆపితే ఆగాల. బరువు పడవ ఇస్తే వాడు నేర్చుకోడు, పిచ్చి పడవ ఇస్తే వాడు మిగలడు. అట్లాంటిది కారుల్లో యాడో ఒకటి ఉంటది."

జూన్ మొదటి వారంలో దొరికింది. ముత్తుకూరులో సుభాషిణి అని ఒక టీచరు, బదిలీ మీద పోతా తన కారు అమ్ముతుంది. రేకుల షెడ్డులో పెట్టి, వారం వారం మంచినీళ్లతో కిందంతా కడిగించేదంట. మా తమ్ముడు చుట్టూ తట్టి, కింద దూరి తట్టి, పైకి లేచి శివశంకర్‌కి ఫోన్ చేసినాడు.

మరుసటి రోజు నలుగురం పోయినాము. నీలం కారు, పొట్టిది. రెక్క లేదు. పొగగొట్టం ఒకటే. బిందు చూసి పెదవి కొంచెం ముడిచింది. శివశంకర్ ఇంజను చూసినాడు, టైర్లు చూసినాడు, ముందు గాలిసంచులు రెండూ ఉన్నాయన్నాడు. గుద్దుకుంటే అవి ఉబ్బి మొహానికి అడ్డం పడతాయంట. "తోలి చూడు" అని తాళంచెవి కూతురికిచ్చి, వాడు నా పక్కన వెనక కూర్చున్నాడు.

ముందు సీటు ఖాళీగా ఉంది. మా తమ్ముడు దానివైపు చూసి, మావైపు చూసి, మీసం తుడుచుకొని ఎక్కినాడు. పుట్టి బుద్ధెరిగినాక ముందు సీటులో కూర్చోవడం వాడికి అదే మొదలు. తలుపు పైన పిడి ఉంటే రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఊరు దాటి, ఉప్పు కయ్యల పక్క రోడ్డు ఖాళీగా కనపడినాక, "ఇప్పుడు దూకించు" అన్నాడు.

"తాతా, నిజంగానా?"

"నేను కళ్లు మూసుకుంటాలే. నువ్వు మూసుకోబాక."

పిల్ల గేరు మార్చింది. కారు ముందుకి పోయింది చూడండి, నా వీపు సీటుకి అతుక్కుపోయింది. రెక్కలేని దానికే ఇంత పొగరా అనుకున్నా. బిందు నోట్లోంచి చిన్న కేక వచ్చింది. అది భయం కేక కాదు.

"ఆపు!" అని అరిచినాడు మా తమ్ముడు.

ఆపింది. అటు ఇటు ఊగకుండా, గీత గీసినట్టు ఆగింది. మా తమ్ముడు కళ్లు తెరిచినాడు.

"ఎట్లుందమ్మా?" అన్నాడు. ఈసారి పిల్ల మొహంలోకి చూసే అడిగినాడు.

"చెయ్యి ఇట్లా అంటే అట్లా తిరుగుతుంది తాతా" అనింది బిందు. వాడు నాతో అన్న మాట పిల్ల వినలేదు. అది కారు చెప్పిన మాట.

"రెక్క కావాలంటే తర్వాత పెట్టించుకోవచ్చులే" అన్నాడు శివశంకర్ వెనకనుంచి.

"వద్దు నాయనా. ఎగిరేదానికి రెక్కెందుకు?"

నిషేధం ఇంకో ఆరు రోజులుందనగా కారు ఇంటికి తెచ్చుకున్నాము. కొత్త పడవ మాదిరి దాన్ని అలల దాకా తీసుకుపోయి హారతి ఇద్దామన్నా. మా తమ్ముడు నా మీద పడి అరిచినాడు. "ఇన్ని బస్సులెక్కి ఉప్పు తినని బండి తెస్తే, నువ్వు దాన్ని తీసుకుపోయి ఉప్పుకే పెడతావా?" అరిస్తే అరిచినాడు, మాట మాత్రం నిజమే. వాకిట్లోనే హారతి ఇచ్చి, ఒక చెంబు మంచినీళ్లు చల్లినా.

మొన్న ఆదివారం బిందు మా ఇద్దరినీ నెల్లూరు తీసుకుపోయింది. మా తమ్ముడు ముందు సీటులో, పిడి రెండు చేతులతో. ఇందుకూరుపేట దగ్గర ఆపి, ఉడకబెట్టిన శనక్కాయలు ఒక పొట్లం కొని వాడి ఒళ్లో పెట్టింది. బండి కదిలింది. వాడు పొట్లం వైపు చూసినాడు, పిడి వైపు చూసినాడు. వేడి వేడి వాసన. ఒక చెయ్యి వదిలినాడు. ఒక చేత్తో కాయ వలవడం కుదరలా. రెండు ఫర్లాంగుల దూరం పోయినాక రెండో చెయ్యి కూడా వదిలినాడు.

నెల్లూరు వచ్చేదాకా మళ్లీ పట్టుకోలా.

"తాతా, తొక్కలు కింద వేయబాక, కొత్త కారు!" అని కసిరింది బిందు.

"పాతదేలే" అన్నాడు వాడు, నోటినిండా పెట్టుకొని.