ఉత్తుత్తి బావగారు

కాదనడం చేతకానివాణ్ణి మంచివాడనే రోజులవి. ఆ లెక్కన జంషెడ్‌పూర్ మొత్తంలో నాకంటే మంచివాడు లేడు. గమ్హరియాలో ఓ చిన్న ఫ్యాక్టరీలో నన్ను పనిలో పెట్టించింది మా అక్క మొగుడు, అక్కడే ఫోర్‌మన్. (ఉద్యోగం వేయించిన బావగారంటే మా వైపు దేవుడికి ఒక మెట్టు కింద. అక్క ఎదురుగా ఉంటే ఇంకా చాలా కింద.) "బామ్మర్దీ, ఆదివారం నా డ్యూటీకి నువ్వెళిపో" అనేవారు. "సరే బావగారూ" అనేవాణ్ణి. ఆయన్ని చూసి మిగతావాళ్లూ తమ డ్యూటీలు నా నెత్తినే పెట్టారు. అలా మంచివాడనిపించుకుని మంచాన పడ్డాను. ఇలాగే సాగితే మిషన్ మీదే పడిపోతావని భయపెట్టి, డాక్టరు నన్ను కాసిడీహ్‌లో గ్రూప్ థెరపీకి పంపాడు.

అక్కడ మందులుండవు, మనుషులుంటారు. గుండ్రంగా కుర్చీలు, వాటిలో ఒకదాంట్లో కౌన్సిలరమ్మ. కష్టం చెప్పుకోమంటే నేను అందరికీ టీలు తెచ్చాను. మరుసటి వారం సమోసాలు కూడా. (ఎవరూ అడగలేదు.) చూసి చూసి ఆవిడ ఓ చిన్న నాటకం పెట్టింది. మా గ్రూపులోనే ఉన్న, సాక్చిలో బట్టల కొట్టు సేఠ్ అందులో నాకు బావగారు. ఆయన డ్యూటీకి వెళ్లమంటాడు, నేను రానంటాను. అంతే. సేఠ్ మీసం దువ్వి, "సాలే సాహబ్, సండే కో మేరీ డ్యూటీ కర్ దేనా" అన్నాడు.

"సరే బావగారూ" అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. టాటానగర్ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే పెద్దావిడ, మేమంతా అప్ప అనేవాళ్లం, ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఒరే నాయనా, ఉత్తుత్తి బావని కూడా కాదనలేవేటి? నువ్వు టీ ఇత్తంటే నాకేటనిపిత్తాదో తెలుసా? టీ తేకపోతే నిన్ను తరిమేత్తామనుకుంటన్నావని."

మొదటిసారి నాకు కోపమొచ్చింది. "మరి తాగినప్పుడు సెప్పలేదేటప్పా? నేను రాను! ఎవడి డ్యూటీకీ రాను! టీలూ తేను!"

అరిచాక, ఇక వీళ్లు నా మొహం చూడరనుకున్నాను. సేఠ్ లేచొచ్చి వాటేసుకున్నాడు: "అబ్ దోస్త్ లగ్తా హై!" (ఇప్పుడు దోస్తులా ఉన్నావని.) అప్ప తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. "తాగు. ఇన్నాళ్లూ టీలొచ్చాయి, ఈరోజు నువ్వొచ్చావు."

ఆ శనివారం అసలు బావగారు అలవాటుగా అడిగారు. "రాను బావగారూ, ఓపిక లేదు" అన్నాను. ఆయన ఎగాదిగా చూసి, "ముందే సెప్పొచ్చు గదేటి? ఇంటికాడ తోచక డ్యూటీకొత్తన్నావనుకున్నాను!" అన్నారు.

ఇప్పుడాయన రిటైరయ్యారు. ఆదివారాలు ఫోన్ చేస్తారు: "బామ్మర్దీ, సాక్చి బజారుకి తోడొత్తావా?" "రాను" అంటాను, నేర్చిన విద్య మరిచిపోకూడదని. "సర్లే" అని పెట్టేస్తారు. కాసేపాగి నేనే స్కూటర్ తీస్తాను. రానని చెప్పగలిగినవాడు వెళ్లడంలో ఎంత సుఖముందో, చేతిలో టీ గ్లాసులతో నిలబడ్డ ఆ కుర్రవాడికి తెలీదు పాపం.