జాన్ విమానానికి నేను కొలిచిన పావంగుళం

నిన్న పొద్దున జాన్ కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్... నాన్న వెళ్ళిపోయారు."

జగ్గయ్యపేటలో మా బట్టల కొట్లో, కౌంటర్ దగ్గరే కూలబడ్డాను.

మొన్న ఆదివారమే కదా గంటసేపు ఫోన్‌లో పోట్లాడుకున్నాం!

ఏడవాలో, ఆ విమానం గుర్తొచ్చి నవ్వాలో తెలియడం లేదు.

మీ అందరికీ జాన్ అంటే నందిగామ సైన్స్ మాస్టారు. నాకు మాత్రం, పందొమ్మిది వందల అరవైల్లోనే రేడియోతో బొమ్మ విమానం ఎగరేసిన మొనగాడు!

ఓడలో పనిచేసే వాళ్ళ బావ తెచ్చిన రేడియో సెట్ అది. ఒకటే బటన్. నొక్కితే తోక మీది రడ్డర్ పూర్తిగా పక్కకి తిరుగుతుంది, వదిలితే మధ్యకొస్తుంది. సగం తిప్పడమనేది లేదు. అందుకే ఎంత తిరగాలో ముందే కొలిచి, తీగ వంచి పెట్టాలి.

"పావంగుళం రా సుబ్బూ. మించిందా, గింగిరాలు కొట్టి నేలలో దిగబడుద్ది," అని స్కేలు నాకిచ్చి, తను ఇంజన్‌తో కుస్తీలో పడ్డాడు.

కొలిచాను.

బట్టల కొట్టువాడి చెయ్యి కదా! కొలిచాక కొసరు వేయకపోతే మనసొప్పదు. అలవాటుగా ఇంకో గోరంత వదిలేశాను.

మునేరు ఏటి ఇసుకలో వాళ్ళ స్కూలంతా చేరింది. విమానం లేచింది! ఈలలు, కేకలు!

జాన్ బటన్ నొక్కాడు.

అంతే. గిర్రున తిరుగుతూ వచ్చి ఇసుకలో ముక్కు గుచ్చుకుంది. ఏడాది కష్టం ముక్కలైంది.

జాన్ ఆ తోక తీసి, స్కేలు పెట్టి చూశాడు. నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"ఏరా, కొసరేశావా?"



వాడు జనం వైపు తిరిగి, "నేనే బటన్ ఎక్కువసేపు నొక్కానండి," అన్నాడు.

మళ్ళీ ఆర్నెల్లు కూర్చుని ఇంకోటి కట్టాడు. మళ్ళీ స్కేలు నాకే ఇచ్చాడు! నేను ముట్టుకోనన్నాను.

"నువ్వు కాక ఇంకెవడు కొలుస్తాడ్రా?" అన్నాడు.

ఊపిరి బిగబట్టి కొలిచాను. గీతకి గీత.

విమానం లేచింది, తిరిగింది, మా నెత్తి మీదుగా రయ్యిన వెనక్కొచ్చింది! ఇద్దరం ఇసుకలో పిచ్చోళ్ళలా గంతులేశాం. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తోంది!

ఆ మొదటి విమానం ఎందుకు కూలిందని ఎవరడిగినా, చివరిదాకా తన తప్పే అని చెప్పాడు. సొంత పిల్లలకి కూడా.

జాన్ పిల్లలూ, శిష్యులూ, వినండి. మీ మాస్టారు బటన్ సరిగ్గానే నొక్కారు. కొలతలో తప్పు చేసింది నేను.

వెళ్ళిరారా జాన్. ఆ ప్రభువు దగ్గర హాయిగా ఉండు.