చూసిపోయేవాళ్లకు తాళమా?

"పడవ ఖాళీగా ఉందో లేదో చూడ్డానిక్కూడా తాళమేంటి మోళే? నేను తీసుకుంటానన్నానా?"

పడవ యజమాని కుంజచ్చన్, కూతుర్ని పిలిచినట్టు 'మోళే' అంటూ నిలదీసింది జెస్సీని. అలప్పుళ హౌస్‌బోటు యజమానుల సంఘానికి బుకింగ్ ప్రోగ్రాం రాసింది ఆమే.

పడవ పందేల రోజుకి కుంజచ్చన్ పడవను ఒకే క్షణంలో ఇద్దరు చూశారు. ఇద్దరికీ ఖాళీ అనే కనిపించింది, ఇద్దరూ డబ్బు కట్టారు. ఆ రోజు తెల్లారేసరికి చినుకుల్లో రెండు కుటుంబాలు పెట్టెలతో రేవులో నిలబడ్డాయి. తిరువల్ల నుంచి వచ్చిన కుటుంబం వెనక్కి వెళ్లిపోయింది. "ఇంకోసారి ఇలా అయితే మళ్లీ నోటుపుస్తకమే, నువ్వు ఇంటికే" అన్నాడు జెస్సీతో సంఘం కార్యదర్శి. యంత్రం పొరపాటు చేయదని సభల్లో చెప్పేవాళ్లకో దండం. అది చెప్పింది చేస్తుంది, అంతే.

భయపడ్డ జెస్సీ ప్రోగ్రాంలో ప్రతి చూపుకూ తాళం వేసింది. ఒకరు ఒక పడవ వివరాలుండే వరుస తెరిస్తే, మూసేదాకా మరొకరికి అది అందదు. ఓ పెద్దమనిషి పేజీ తెరిచిపెట్టి టిఫినుకు పుట్టు, కడల తినడానికి వెళ్లాడు. అరగంటపాటు సంఘం ఆఫీసులో తెరమీద గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది, కిటికీ అవతల బ్యాక్‌వాటర్ నీళ్లమీద గుర్రపుడెక్క తిరిగినంత నెమ్మదిగా. కుంజచ్చన్ వచ్చి అడిగింది అప్పుడే.

"మా నాన్న కాలంలో పడవకో ఇత్తడి బిళ్ల గోడమేకుకి వేలాడేది" అన్నాడాయన. "చూసేవాళ్లు చూసి పోయేవాళ్లు. తీసుకునేవాడు మాత్రం ముందు బిళ్ల చేతిలోకి తీసుకుని, పుస్తకంలో రాయించి, మళ్లీ తగిలించేవాడు."

"బిళ్ల పట్టుకుని టీకి పోతేనో, అచ్చాయా?" పెద్దాయన్ని అడిగింది జెస్సీ.

"తెడ్డుతో పిలుచుకొచ్చేవాళ్లం!"

ఆ రోజంతా జెస్సీ కళ్లముందు ఇత్తడి బిళ్లలు నీటివెలుగులో ఊగుతూనే ఉన్నాయి. సాయంత్రానికి తాళాలన్నీ తీసేసి, ఒకే చోట పెట్టింది. చూసి ఊరుకునేవాళ్లకు తాళం లేదు. చూసినదాన్ని నమ్మి బుకింగ్ రాయబోయేవాళ్లకే, ఆ ఒక్క వరుసకే తాళం. తాళం వేశాక ఇంకా ఖాళీయేనా అని ప్రోగ్రాం చూడాలి, రాయాలి, వదలాలి. ఆలోచన, బేరం, టీ అన్నీ తాళం బయటే.

ఓణం వారంలో మళ్లీ ఇద్దరు ఒకే పడవను ఒకే క్షణంలో అడిగారు. ఒకరికి దొరికింది. రెండోవారు ఊపిరి పీల్చినంతసేపు ఆగి, 'నిండింది' అని చదువుకున్నారు. కార్యదర్శి నోటుపుస్తకాన్ని బీరువాలో పెట్టేశాడు.

తిరువల్ల కుటుంబానికి సంఘం తిరిగివ్వాల్సిన పద్దెనిమిది వేలలో ఆరు వేలు ఇంకా బాకీ.