అన్ని సూదులూ లేచిన పరీక్ష

1955, ఎండాకాలం. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు పక్కన అద్దెకు తీసుకున్న గోడౌనులో ప్రభుత్వం వారి చేనేత శిక్షణ తరగతి నడిచేది. అందులో అట్టల పంచింగ్ నేర్పే ఉద్యోగం నాది. అంతకు ముందు మిల్లులో ఫిట్టర్‌గా చేశాను. యంత్రమంటే నాకు భయమూ లేదు, భక్తీ లేదు. పక్క మిల్లు నుంచి పత్తి నూగు ఎగిరొచ్చి మా తలల మీద వాలుతుంటే, పాఠం అయ్యేసరికి పాతికేళ్ల పిల్లలు కూడా నెరిసిన జుట్టుతో బయటికి పోయేవారు.

పంచింగ్ అంటే ఏమిటో చెప్పాలి. మగ్గం మీద బొమ్మ నేయాలంటే ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి ఎవరో చెప్పాలి గదా. జకార్డ్ అనే యంత్రం బిగించిన మగ్గంలో ఆ చెప్పే పని అట్టలది. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం లేస్తుంది, దానికి కట్టిన పోగులు లేస్తాయి. రంధ్రం లేనిచోట పోగు కదలదు. బొమ్మలో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. గళ్ల కాగితం మీది బొమ్మ చూసి, వరుస వరుసకూ రంధ్రాలు కొట్టి, అట్టలన్నీ దండలా కుట్టి పైకెక్కిస్తే మగ్గం వాటిని చదువుకుంటూ పోతుంది. మగ్గానికి మనం చెప్పినదే తెలుసు, మన మనసులో ఉన్నది తెలియదు. మొదటి రోజు పాఠం ఇదే.

ఆ ఏడాది తరగతిలో ఒకే ఒక్క ఆడమనిషి ఉండేది. పేరు ఈరమ్మ, ఊరు ఎమ్మిగనూరు, వయసు ముప్పైకి అటూ ఇటూ. భర్త రంగప్పకు ఊపిరితిత్తుల జబ్బు చేసి మగ్గం దిగితే ఆమె ఎక్కింది. వారమంతా ఆదోనిలో మేనత్త ఇంట్లో ఉండి నేర్చుకునేది. శనివారం బస్సెక్కి పోయి ఆదివారమంతా, గోతిలో కాళ్లు పెట్టి తొక్కే గుంట మగ్గంలో కూర్చునేది. ఊళ్లో అట్టలు కొట్టేవాడి పని ఖాళీ అయింది. శిక్షణ పాసైతే ఆ పని ఈమెదే అని పెద్దలు మాటిచ్చారు. పాసైతే గుంటలోంచి బయటపడి బల్ల ముందు కూర్చుంటుంది, మొగుడి మందులకూ గడుస్తుంది. ఫెయిలైతే మళ్లీ గుంటే. అందుకని ఒద్దికగా ఉండేదా అంటే, అదీ లేదు. నోరు పెద్దది.

"ఈ పుస్తకం రాసినోడు ఎప్పుడన్నా గుంటలో కూసున్నాడా ఐవారూ?" అని అడిగింది ఒకరోజు.

ఆమె తగాదా ఏమిటంటే, పుస్తకంలో బట్టను బొమ్మ పైకి కనబడేలా నేయమంటారు. అలా నేస్తే బొమ్మ ఉన్న కాసింత చోటు తప్ప మిగతా పోగులన్నీ ప్రతిసారీ లేవాలి. ఆ బరువంతా తొక్కేవాడి కాలి మీద పడుతుంది. బొమ్మ కిందికి ఉండేలా నేస్తే బొమ్మ పోగులు మాత్రం లేస్తే చాలు, కాలికి సుఖం. ఎమ్మిగనూరులో కొందరు అలాగే నేసేవారు. నేను రెండు పద్ధతులూ నేర్పాను. కానీ పరీక్షకు ముందు ఆమెను పిలిచి, పుస్తకంలో ఉన్నట్టే కొట్టమ్మా, తగాదాలు తర్వాత చూసుకుందాం అన్నాను.

"ఏ పక్కకు అని పేపర్లో అడిగితే ఆ పక్కకే కొడతా. అడక్కపోతే నేను తొక్కే మగ్గానికి కొడతా" అంది.

పేపర్లో అడగలేదు. గళ్ల కాగితం మీద గండభేరుండం బొమ్మ, రెండు తలల పక్షి, ఇచ్చి దీనికి అట్టలు కొట్టండి అన్నారు, అంతే.

పరీక్షాధికారి కర్నూలు నుంచి వచ్చాడు. కోస్తా వైపు మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఆయనతో పాటు ఒక చెక్కపెట్టె వచ్చింది. అట్టలు దిద్దే పెట్టె. కింది అరలో మాదిరి అట్ట, పై అరలో విద్యార్థి అట్ట పెట్టి పిడి నొక్కితే రెండు వైపుల నుంచీ సూదులు వాటిని తడుముతాయి. మధ్యలో చిన్న ఇత్తడి రేకులు తక్కెడలా తూగుతుంటాయి. రెండు అట్టలూ ఒకేలా ఉన్నచోట రేకు కదలదు. ఒకదానిలో రంధ్రం ఉండి రెండోదానిలో లేకపోతే రేకు ఒరుగుతుంది, పైన ఎర్ర రంగు పూసిన సూది తల లేస్తుంది. లేచిన ప్రతి తలా ఒక తప్పు. మనిషి కన్ను పడనక్కర లేదు. నేనూ ఫిట్టర్నే కనుక చెబుతున్నాను, ముచ్చటైన పనితనం. ఎవరు చేశారో గానీ వాడి చేతికి మొక్కాలి.

"ఇదివరకు మార్కులు ఎలా పడేవో మీకూ తెలుసు. ఫలానావారి అబ్బాయి, ఫలానా కులంవాడు అంటూ సిఫార్సులు. ఈ పెట్టెకు చుట్టాలు లేరు, దేవదానం గారూ" అన్నాడాయన నాతో. ఆ మాట నాకు నచ్చింది. సిఫార్సు లేక పోగొట్టుకున్నవి నాకూ ఉన్నాయి.

ఒక్కొక్కరి అట్టలూ పెడుతూ పోయాడు. కొందరికి నాలుగు తలలు లేచాయి, కొందరికి పది. ఈరమ్మ మొదటి అట్ట పెట్టి పిడి నొక్కాడు. అన్ని తలలూ ఒక్కసారి లేచాయి. పెట్టె పైభాగమంతా ఎర్రగా, ఎండబెట్టిన మిరపకాయల కళ్లంలా అయింది. రెండో అట్టా అంతే. పెట్టె పాడైందేమోనని వేరేవాడి అట్ట పెట్టి చూశాడు. పెట్టె బాగానే ఉంది. ఈరమ్మ అట్టలు చివరి వరకూ అలాగే లేచాయి. ఒకే ఒక్క అట్టలో ఒకే ఒక్క సూది లేవకుండా ఉండిపోయింది.

"పోనీలెండి, ఇదొక్కటి ఒప్పు పడింది" అని నవ్వి సున్నా వేశాడు.

నాకు విషయం అర్థమైంది. రంధ్రం ఉండాల్సినచోట లేదు, ఉండకూడనిచోట ఉంది. ఆమె బొమ్మ కిందికి పెట్టి కొట్టింది.

"సార్, కళ్లకు గంతలు కట్టి కొట్టమన్నా సగానికి సగం ఒప్పు పడతాయి. ఇన్ని తప్పులు కొట్టాలంటే ఒప్పేదో ప్రతిచోటా తెలిసుండాలి" అన్నాను.

"మాదిరితో కలవాలి. కలవలేదు. తీర్పు పెట్టెది, నాది కాదు."

"మాదిరి అట్ట మగ్గం కాదు సార్. మగ్గం మీద పెట్టి చూద్దాం."

"ఈమెకు మగ్గం మీద పెడితే రేపు ప్రతివాడూ పెట్టమంటాడు. నా దయాదాక్షిణ్యాలు ఉండకూడదనే గదా పెట్టె తెచ్చింది?"

ఆ మాట న్యాయమే, అయినా నాకు కోపం వచ్చింది. మార్కుల పట్టీ మీద నా సంతకం కూడా ఉండాలి. నేను పెట్టను అన్నాను. పెట్టకపోతే అందరి ఫలితాలూ ఆగిపోతాయి అన్నాడు. తరగతి వైపు చూశాను. కౌతాళం నుంచి వచ్చిన బసవరాజు అనే కుర్రవాడు, పది తప్పులవాడు, లేచి నిలబడ్డాడు.

"ఆగితే ఆగనీలే సారూ. నేసి సూస్తే పోయేదేముంది? ఆయక్క మాకు నేర్పిచ్చింది గూడా ఉంది."

ఈరమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బతిమాలుతుందేమో అనుకున్నాను.

"రేపు తనిఖీకి మా ఊరికే వస్తాండారంట గదా సారూ. మా ఇంటికి రాండి. నేసి సూపిస్తా. తప్పు పోయింటే ఆ సున్నా నేనే దిద్దుకుంటా" అంది.

"చూడటం వేరు, మార్కు మారడం వేరు" అన్నాడు ఆయన. కానీ రానని అనలేదు.

మర్నాడు ఎమ్మిగనూరులో బస్సు దిగి, ఉగ్గాని తిని, ఆమె అట్టలూ మాదిరి అట్టలూ రెండూ మోసుకుని నేను ముందే వెళ్లాను. దండలు కుట్టాను. రంగప్ప మంచం మీద పడుకుని దగ్గుతూనే, ఆ దారం గట్టిగా లాగప్పా అని నాకు పని చెబుతున్నాడు. పరీక్షాధికారి వచ్చేసరికి ఈరమ్మ గుంటలో కూర్చుని ఉంది. అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తింది. కాసేపటికి జానెడు బట్ట అయింది. పైవైపు చూస్తే దారాలు వేలాడుతూ అంతా చిక్కు.

"ఇదా బొమ్మ?" అన్నాడాయన.

"పైన సూస్తే ఏముంటాది సారూ? కిందికి సూడు" అని ఒక చేతి అద్దం బట్ట కింద పెట్టింది. కిందికి నేసేవాళ్లు పని చూసుకోవడానికి వాడే అద్దమే అది. ఆయన ఇస్త్రీ చొక్కాతోనే మగ్గం పక్కన మోకాళ్ల మీద వంగాడు. అద్దంలో రెండు తలల పక్షి రెక్కలు విప్పుకుని ఉంది. ముక్కులు, ఈకలు, గోళ్లు, అన్నీ ఉన్నాయి.

నేను అంతటితో వదల్లేదు. మాదిరి అట్టలు ఎక్కించి, తొక్కి చూడండి సార్ అన్నాను. ఆయన బూట్లు విప్పి గుంటలోకి దిగాడు. నాలుగుసార్లు తొక్కేసరికి తొడ వణికింది. మళ్లీ ఆమె అట్టలు ఎక్కించాను. ఈసారి తొక్కి, ఆగి, నా వైపు చూసి, మళ్లీ తొక్కాడు. కానీ పట్టు విడిచే రకం కాదు. మళ్లీ అద్దం తీసుకుని వంగాడు.

"ఎడమ తలకు కన్నేదమ్మా?"

అందరం వంగాం. కుడి తలకు కన్నుంది. ఎడమ తలకు లేదు. మోటు నేత కనుక ఒక్క కొక్కెం కింద నాలుగు పోగులుంటాయి, ఒక్క రంధ్రం తప్పినా కంటికి తెలిసిపోతుంది. ఈరమ్మ చెమట తుడుచుకుని మళ్లీ చూసింది.

"తప్పే సారూ. ఆడ ఒక రంధ్రం కొట్టాల్సింది, మరిసినా." తర్వాత అద్దంలోని పక్షిని చూపించి, "మీ పెట్టెను సూసి కన్ను కొట్టినట్టుంది" అంది. మంచం మీద రంగప్ప నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

అప్పుడు నాకు ఆ లేవని సూది గుర్తొచ్చింది. సంచిలోంచి ఆ అట్ట నంబరు చూశాను. కన్ను వరుసదే. ఆమె ఆ ఒక్క రంధ్రం మరిచిపోవడంతో ఆ ఒక్కచోట ఆమె అట్ట మాదిరి అట్టతో కలిసిపోయింది. నిన్న మధ్యాహ్నం పెట్టె ఆమెకిచ్చిన ఒకే ఒక్క ఒప్పు, ఆమె చేసిన ఒకే ఒక్క తప్పు.

"మీ పెట్టె అబద్ధం చెప్పలేదు సార్" అన్నాను. "తప్పు ఎక్కడుందో సరిగ్గా వేలు పెట్టి చూపింది. మనం తలకిందులుగా చదివాం. లేచినవి ఒప్పు, లేవనిది తప్పు. అలా వేయండి మార్కులు."

ఆయన గుంట అంచున కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. లేసులు కట్టుకోవడానికి చాలా టైము తీసుకున్నాడు. తర్వాత మార్కుల పట్టీ తీసి సున్నా కొట్టేసి ముప్పై అయిదు వేశాడు. పాస్ మార్కు, దానిమీద ఒక్కటీ ఎక్కువ లేదు.

"ముప్పై అయిదా?" అంది ఈరమ్మ.

"పెట్టె లెక్కలో సున్నా. మీ మాస్టారి లెక్కలో నూటికి కాస్త తక్కువ. పైన నేనూ జవాబు చెప్పుకోవాలి గదమ్మా."

"ఇది నాయం గాదు సారూ, బేరం" అందామె. "కన్నుకు ఎంత తీసేస్తారో తీసేయండి. మిగిలిందంతా నాది."

ఆయన ముఖం ఎర్రబడింది. కానీ అంకె మారలేదు. వచ్చే ఏటి నుంచి బొమ్మ ఏ వైపుకో పేపర్లో రాయిస్తానని మాత్రం అన్నాడు. రాయించాడు కూడా, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. నేను పట్టీ మీద సంతకం పెట్టి దాని కింద ఒక వాక్యం రాశాను: ఈ అభ్యర్థి అట్టలను మగ్గం మీద నేసి చూశాను, ముప్పై అయిదు మార్కులతో నేను ఏకీభవించను. నెల తిరక్కుండా కర్నూలు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జవాబుగా ఆ జానెడు బట్టను కవర్లో పెట్టి, తిప్పి చూడగలరు అని రాసి పంపాను. మళ్లీ కాగితం రాలేదు. బట్టా తిరిగి రాలేదు.

ఈరమ్మకు ఆ పని దొరికింది. గుంటలోంచి బయటికొచ్చి బల్ల ముందు కూర్చుంది. తర్వాత ఎమ్మిగనూరుకు పోయినప్పుడల్లా వినేవాణ్ణి, దేవనకొండ వైపు నేతగాళ్లు కూడా ఆమె అట్టలే కావాలని వచ్చేవారట, కాళ్లు నొప్పులు లేవని. ఆమె మాత్రం నన్ను చూసినప్పుడల్లా, కన్నుకు అయిదు పోయినా మిగతా అరవై ఏమాయ ఐవారూ అని అడిగేది. నేను నవ్వితే ఊరుకునేది కాదు. ఆమె అడుగుతున్నది నిజంగానే.

రెండేళ్లకు అలాంటి పెట్టె మా తరగతికే ఇచ్చారు. నేను దాన్ని వాడటం మానలేదు. ఏటా అందరి అట్టలూ అందులోనే దిద్దాను, దానికి చుట్టాలు లేరన్నది నిజమే గనక. కానీ పిడి నొక్కే ముందు ఏ వైపుకు కొట్టావు అని ప్రతి ఒక్కరినీ అడిగాకే నొక్కాను. అనుమానం వస్తే మగ్గం మీద పెట్టాను. పైవాళ్లు టైము వృథా అన్నారు. అననివ్వండి, టైము నాది. నాకు తెలిసొచ్చింది ఇంతే: తడబడినవాడికి అక్కడక్కడా తలలు లేస్తాయి. అన్నీ లేచాయంటే అక్కడ మనకు తెలియని తెలివేదో ఉంది, సున్నా వేసే ముందు కూర్చుని మాట్లాడాలి.

రిటైరయ్యేదాకా పిడి నొక్కినప్పుడల్లా, ఈసారన్నా పెట్టె అంతా ఎర్రబడుతుందేమోనని చూసేవాణ్ణి. అయిదు తప్పులవాళ్లు వచ్చారు, పదివాళ్లు వచ్చారు, బుద్ధిగా ఒక్క తప్పూ లేనివాళ్లు ఎందరో వచ్చారు. అంత పూర్తిగా తప్పు కొట్టే దమ్మున్న మనిషి మళ్లీ రాలేదు.