పదకొండుంపావుకి మూత

ఆ డిపార్ట్‌మెంట్‌లో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలీదు. అందరికీ మూతక్కే. పదిహేడేళ్లుగా సెమినార్ హాలు బయట టీ డ్రమ్ము పక్కన నిలబడేది ఆవిడ, గంట కొట్టేదీ ఆవిడే. పదకొండుకి గంట కొట్టి మూత తీస్తుంది. పదకొండుంపావుకి పెట్టేస్తుంది. ఆ తర్వాత ఎవరొచ్చినా ఒకటే మాట, "మధ్యాహ్నం రండి." ఒకసారి వైస్ ఛాన్సలర్‌గారు రెండు నిమిషాలు లేటై, ఖాళీ కప్పుతోనే వెనక్కి వెళ్లారు. అదొక్కటే ఆవిడకి వెలితి. ఆయన కప్పు తిరిగివ్వలేదు.

కొత్తగా వచ్చిన హెడ్డుగారికి ఈ గంట నచ్చలేదు. బడి పిల్లల్లా ఏంటని గంట తీసేసి, టైమవగానే వెలిగే ఎర్రలైటు డబ్బా తెప్పించాడు. డ్రమ్ము రోజంతా తెరిచే ఉంచమన్నాడు. మూతక్కని కింద రికార్డు రూముకి మారుస్తానన్నాడు. ముప్ఫైనాలుగు మెట్లు దిగాలి. దిగాక మాట్లాడ్డానికి ఫైళ్లు తప్ప నరమానవుడు ఉండడు. మోకాళ్ల కంటే ఆవిడకి ఆ రెండోదే ఎక్కువ భయం.

సరిగ్గా అప్పుడే రెండ్రోజుల వర్క్‌షాపు వచ్చి పడింది. ఎక్కడెక్కడినించో నలభైమంది పండితులు. ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించి మనం ఏం చేస్తాం, ఆ ఊహలో ఎక్కడ బోల్తా పడతాం, ఇదీ వాళ్ల చదువు.

"అంటే అత్తాకోడళ్ల సంగతేగా," అంది మూతక్క, కప్పులు తుడుస్తూ. "దానికి వర్క్‌షాపు ఎందుకు, మా ఇంటికి రమ్మనండి."

మొదటిరోజు పదకొండుకి ఎర్రలైటు వెలిగింది. మాట్లాడేవాడు దాని వంక చూసి, "చివరి మాట ఒక్కటి," అన్నాడు. ఆ ఒక్క మాట నలభై నిమిషాలు నడిచింది. కూర్చున్న పండితులు ఎవరికి వాళ్లు పక్కవాడు లేస్తే లేద్దామని చూశారు. పక్కవాడూ అదే లెక్క వేశాడు. టీ ఎక్కడికి పోతుంది, డ్రమ్ము తెరిచే ఉందిగా అని ఇంకో లెక్క. కాళ్లు ముడుచుకుని, కక్కలేక మింగలేక, నలభైమందీ అలా కూర్చునే ఉన్నారు. బయట టీ చల్లారి, పైన మీగడ దుప్పటి కప్పుకుంది. తర్వాత మాట్లాడినవాళ్లకీ తలా ఒక చివరి మాట ఉండటంతో భోజనాలు సాయంత్రానికి జరిగాయి.

హెడ్డుగారు తల పట్టుకుని వచ్చాడు. "అమ్మా, రేపొక్కరోజు నీ గంట కొట్టు. అందరూ టైముకి బయటికి రావాలి. ఎవరూ నొచ్చుకోకూడదు. తేడా వచ్చిందా, ఎల్లుండి నుంచి నువ్వు కిందే."

ఇంట్లో ఈ సంగతి విని వాళ్లాయన, వాచీలు బాగుచేసేవాడు, సలహా పారేశాడు. "ఒక్కరోజు కాస్త మెత్తగా ఉండవే."

"మెత్తగా ఉంటే నీ షాపులో గడియారాల్లా తయారవుతాను. ఒక్కోటీ ఒక్కో టైము."

ఆయన చేతి వాచీ చూసుకుని, గోడ గడియారం ముల్లు సరిచేశాడు.

రెండోరోజు పొద్దున్నే హాలు గుమ్మంలో నిలబడి ఆవిడ ఒక్క ముక్క చెప్పింది. "పదకొండుంపావుకి మూత పెట్టేస్తానండి." బయటినించి వచ్చినవాళ్లు నవ్వారు. ఇక్కడివాళ్లు నవ్వలేదు. పదకొండుకి ఐదు నిమిషాలుండగానే బల్లల కింద చెప్పుల్లోకి కాళ్లు దూర్చడం మొదలెట్టారు.

గంట మోగింది. ఇక్కడివాళ్లు లేచారు. వాళ్లని చూసి మిగతావాళ్లూ లేచారు. నిమిషంలో హాలు ఖాళీ. లోపల మైకు పట్టుకుని మిగిలింది ఒకే ఒక్కడు, వర్క్‌షాపుకి పెద్దాయన, తెల్లగడ్డం ప్రొఫెసరు. ఆయన వెనక తెర మీద, "నమ్మని బెదిరింపు బెదిరింపే కాదు," అని రాసుంది. దాన్నే, సందేహం అడగడానికి వెనక్కొచ్చిన ఎవరో అమ్మాయికి విడమరిచి చెప్పి, తీరిగ్గా బయటికొచ్చేసరికి పదకొండూ పదహారు. మూత పడింది.

"అమ్మా, ఓ అరకప్పు," అన్నాడు.

"మధ్యాహ్నం రండి సార్."

వెనక హెడ్డుగారు కళ్లతోనే బతిమాలాడు, కళ్లతోనే కోప్పడ్డాడు, ఆఖరికి చూపుడువేలితో మెట్లు చూపించాడు. మూతక్కకి ముప్ఫైనాలుగు మెట్లూ కళ్లముందు కనిపించాయి. చెయ్యి మాత్రం మూత మీదే ఉంచింది.

"నాకోసం ఒక్కసారి తీస్తే ఏమవుతుందమ్మా?" పెద్దాయన నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"మీరు పెద్దమనిషని తీశాననుకోండి. రేపటికల్లా వీళ్లంతా పెద్దమనుషులైపోతారు."

"మరి బెదిరించారు కదా పొద్దున?"

"బెదిరించడమెందుకండీ. టైము చెప్పానంతే."

పెద్దాయన తల వెనక్కి తిప్పి, తలుపులోంచి తెర మీది తన వాక్యం వంక చూసుకున్నాడు. మళ్లీ డ్రమ్ము వంక చూశాడు. పాపం, గొంతు ఎండిపోయి ఉంది మనిషికి.

మూతక్క వంగి, స్టూలు కింద సంచిలోంచి తన ఫ్లాస్కు తీసింది. "ఇది డిపార్ట్‌మెంట్‌ది కాదు, మా ఇంటిది. దీనికి టైము లేదు." ఫ్లాస్కు మూతలోనే పోసి ఇచ్చింది. "పంచదార తక్కువ. మా ఆయనకి షుగరు."

పెద్దాయన ఆ మూతని రెండు చేతులా పట్టుకుని, ఊదుకుంటూ, చివరి చుక్కదాకా తాగాడు. తర్వాత మూత ఆవిడ చేతికే ఇచ్చాడు. వైస్ ఛాన్సలర్ కంటే నయం అనుకుంది మూతక్క.

ఆ మధ్యాహ్నం ఆయన నాలుగు నిమిషాల ముందే ఆపేశాడు. "నాకింకా చెప్పాల్సింది ఉంది, కానీ బయట మూత ఉంది," అని మైకులోనే అన్నాడు. హాలంతా గొల్లుమంది. ప్రొఫెసరన్నవాడు తనంతట తను ఆపడం హెడ్డుగారు ఉద్యోగంలో చేరాక చూడటం అదే మొదటిసారి.

మర్నాడు హెడ్డుగారే ఎర్రలైటు డబ్బాని చంకలో పెట్టుకుని ముప్ఫైనాలుగు మెట్లు దిగాడు. ఇప్పుడది రికార్డు రూములో ఉంది. టైమైందని గంటగంటకీ వెలుగుతుంది. ఫైళ్లు మాత్రం కదలడం లేదు.