ఎర్రదారం ఉన్న వైపు

మొన్న మిర్యాలగూడలో మా ఇంటి నీళ్ళ మిషను పాడైతే, బాగుచేయడానికి కోదాడ నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. మంచి మాటకారి. మూత విప్పి లోపలున్న ఫిల్టరు బయటికి తీసి, "ఎవరు బిగించారమ్మా దీన్ని? ఈ బాణం గుర్తు చూశారా? ఇది ఇటేపు ఉండాలండీ. తిరగేసి పెట్టారు. పట్టుకున్న చెత్తంతా మళ్ళీ మీ గ్లాసులోకే వస్తది కదా!" అని నాకే క్లాసు పీకాడు. ఆ పెట్టిన మహానుభావుడు నేను కాదని చెప్పబోయాను. అప్పటికే అతను ట్యాంకులో నీళ్ళన్నీ బకెట్లోకి వంచి, "ఇవి తాగొద్దు, పారబోసెయ్యండి" అంటూ పెరట్లో గుమ్మరించాడు. నేల మీద పారుతున్న ఆ నీళ్ళు చూస్తూ నేను స్టూలు మీద కూలబడిపోయాను. బీపీ అనుకున్నాడు పాపం, ఫ్యాను వేశాడు. బీపీ కాదు, మా అత్త గుర్తొచ్చింది.

అత్త అంటే మా నాయనకు అక్క, నాకు మేనత్త. మొగుడు పోయాక తమ్ముడింటికి వచ్చి ఆ ఇంటిని ఏలింది. చివ్వెంల పక్కన మా ఊళ్ళో ఆమె నోటికి జడవని మనిషి లేడు. ఆమె చేతికి మొక్కని మనిషీ లేడు. ఎందుకంటే అత్త నారి తీసేది. ఈ కాలం వాళ్ళకు నారికురుపంటే తెలియదు, తెలియకపోవడమే మంచిది. ఎండాకాలం వచ్చిందంటే మా ఊళ్ళో ఎవరో ఒకరికి కాలి మీద నిప్పు పెట్టినట్టు మండే పొక్కు లేచేది. అది పగిలి, లోపలి నుంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. లాగితే తెగుతుంది, తెగితే కాలు చీము పట్టి కుళ్ళుతుంది. అందుకని అత్త ఆ కొసను చీపురుపుల్లకు చుట్టి, రోజుకు రెండు వేళ్ళంత మేర, పసిపిల్లకు జడ వేసినంత మెల్లగా తిప్పుతూ తీసేది. రెండు మూరల పురుగు పూర్తిగా బయటికి రావడానికి నెల పట్టేది. ఆ నెల రోజులూ ఆ మనిషికి పని లేదు, కూలి లేదు, నిద్ర లేదు. అరిచేవాళ్ళను అత్త ఓదార్చేది కాదు, తిట్టేది. "ఓర్సుకోరా, నీ పెండ్లాం నలుగుర్ని కన్నది, నువ్వు ఒక్క పురుగును కనలేవా?" అంటే ఏడుస్తున్నవాడు కూడా నవ్వేవాడు.

ఆమె వైద్యంలో ఒక పద్ధతి ఉండేది. రోగిని ఊరి దిగుడుబావికి తీసుకుపోయి, మూడో మెట్టు మీద కూర్చోబెట్టి, పుండు పడిన కాలిని నీళ్ళలో ముంచమనేది. చల్లటి నీళ్ళు తగలగానే మంట తగ్గేది, పురుగు కొంచెం బయటికి జారేది. పుండు దగ్గర నీళ్ళలోకి పాలలా తెల్లగా ఏదో వదిలేది. "సూడు, విషమంత ఎట్ల పోతున్నదో" అని అత్త సంతోషపడేది. పక్క మెట్టు మీద ఊరి ఆడవాళ్ళు బిందెలు ముంచుకునేవాళ్ళు. ఆ బావి నీళ్ళే అందరం తాగేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పుడు ఊరికి ఒక నర్సమ్మ వచ్చింది. నేరుగా మా ఇంటికే వచ్చి, గాజుగ్లాసులో బావినీళ్ళు పోసి ఎండకు ఎత్తి చూపించింది. సూదిమొన అంత నలుసులు నీళ్ళలో గెంతుతున్నాయి. "పెద్దమ్మా, నువ్వు విషమనుకున్నవే, ఆ తెల్లటిది విషం కాదు, పురుగు పిల్లలు. వాటిని ఈ నలుసులు మింగుతయి. నీళ్ళతోని ఆ నలుసుల్ని మనం మింగుతం. ఇయ్యాల మింగితే యాడాదికి కాలుల నుంచి ఎల్లుతది" అంది. అత్త ముందు కస్సుమంది. "నేను బాగుజేసిన కాళ్ళన్ని నీ నెత్తి మీద ఎంటికలు లెవ్వు, నాకు సెప్ప వచ్చినవా?" అంది. తర్వాత గ్లాసు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అయితే నేను బావిల కాళ్ళు ముంచిపిచ్చినోళ్ళు..." అని ఆగిపోయింది. నర్సమ్మ నేల చూపులు చూసింది.

మర్నాటి నుంచి అత్త బావికి కాపలాదారు అయింది. కట్టు కట్టిన కాలితో ఎవడైనా మెట్టు దిగితే వాడి ఏడు తరాలూ లేచి కూర్చునేట్టు తిట్టేది. నర్సమ్మ ఇంటింటికీ సన్నటి నేత గుడ్డ ఇచ్చింది. దాని మూలకు ఎర్రదారంతో కుట్టు వేసి ఉండేది. ఎర్రదారం ఉన్న వైపే ఎప్పుడూ పైకి ఉండాలి, అటువైపు నుంచే నీళ్ళు కుండలోకి వడగట్టాలి. ఆ పని నాకు అప్పగించారు. అత్త అయితే పొలానికి పోయినా కొంగున ఒక గుడ్డముక్క కట్టుకుని పోయేది, వడగట్టకుండా చుక్క నోట్లో పోసుకునేది కాదు.

ఒకరోజు అమ్మా నాయనా చిలుకూరు చుట్టాలింటికి పోయారు. ఇంట్లో అత్తా నేనే. మొదటి బిందె వడగట్టాక చూస్తే గుడ్డ మీద పాచి, నలుసులు. ఆ మురికి మీద మళ్ళీ నీళ్ళు పోయడమేమిటని నాకు రోత పుట్టింది. గుడ్డను దులిపి ఉతకాలి, బద్ధకమేసింది. తిరగేసి శుభ్రమైన వైపు పైకి పెట్టి రెండో బిందె పోశాను. ఎంత తెలివైనదాన్నో అనుకుని ఒక గ్లాసు తాగాను కూడా. అత్త పొలం నుంచి వచ్చి, గుడ్డ ఒక పక్క ఎత్తి, గటగటా రెండు చెంబులు ముంచుకుని తాగింది. తర్వాత ఉతకడానికి గుడ్డ విప్పింది. విప్పి అలాగే నిలబడింది.

"నువ్వు తాగినవానే?"

"ఆ, తాగిన. ఏమైందత్తా?"

"ఏం కాలే. బల్లి వడ్డది" అని కుండెత్తి వాకిట్లో గుమ్మరించింది. బల్లిని చూడాలని నేను పుల్ల పట్టుకుని తడి మట్టంతా కెలికాను. దొరకలేదు. మర్నాటి నుంచి గుడ్డ కట్టే పని అత్తే చేసుకుంది. "నువ్వు బడికి పో, సదువుకో" అంది. పని తప్పిందని నేను గెంతులేశాను. ఆ ఏడాదంతా రోజూ సాయంత్రం నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని మోకాలి నుంచి మడమ దాకా తడిమేది. "మట్టిల పొర్లుతవు, పందిపిల్లా" అని తిట్టుకుంటూ తడిమేది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. పొక్కు లేచింది, అత్త మడమ మీద. దాన్ని చూసి ఆమె అన్న మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. "నాకే ఎల్లింది గద, సాలు" అంది. ఆ మంటకు మనిషి ఉడికిపోయేది. బావి గట్టు దాకా పోయి, పై మెట్టు మీద కూర్చుని, కింది నీళ్ళను చూస్తూ పళ్ళు కొరుక్కునేది తప్ప కాలు దించలేదు. "జరంత సేపు ముంచు అత్తా, ఎవ్వరు లేరు" అన్నాను ఏడుస్తూ. "నోరు ముయ్యి. ఊరు తాగే నీళ్ళు" అంది. నేను నీళ్ళు తోడుకుని దూరంగా కంచె దగ్గరికి తెస్తే అక్కడ పోయించుకునేది.

సగం పురుగు బయటికి వచ్చాక, ఇంట్లో గింజలు లేక, పుల్లను గుడ్డతో కాలికి కట్టుకుని పల్లికాయ పీకడానికి కూలికి పోయింది. చెట్టుకు తగిలి పుల్ల ఊడింది, పురుగు తెగింది. కాలు కుండలా వాచింది. సూర్యాపేట దవాఖానలో ఎన్ని రోజులు ఉంచారో లెక్క లేదు. చూడ్డానికి వచ్చిన నర్సమ్మ, "ఎప్పుడన్న గుడ్డ తిరగేసిన్రా? పట్టిన నలుసులు మళ్ళ కుండలనే పడతయి" అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. అత్త మాత్రం, "గుడ్డ తప్పేం గాదు. ఎంతమందిని బావిల ముంచిన? గా పాపమే తగిలింది" అంది. బతికింది గానీ ఆ మడమ మళ్ళీ నేలకు ఆనలేదు. తర్వాత ఊళ్ళో బోరింగు పడింది, బావిని పూడ్చారు, నారికురుపు పోయింది. అత్త మాత్రం పోయేదాకా మునివేళ్ళ మీదే కుంటింది. ఆమెకు తెలియదు, నాకే తెలుసు అనుకుంటూ ఇన్నేళ్ళూ ఆ తప్పును దాచుకున్నాను, దొంగదాన్ని.

మొన్న పెరట్లో ఆ నీళ్ళు పారుతుంటే బల్లి గుర్తొచ్చింది. ఎంత కెలికినా దొరకని బల్లి. గుడ్డ విప్పినప్పుడు ఎర్రదారం ఏ వైపు ఉందో అత్త చూసింది. నేను తాగానని విన్నది. నా కాళ్ళు తడుముతూ, పొక్కు నాకు లేస్తుందా తనకు లేస్తుందా అని, పదేళ్ళ పిల్లకు ఒక్క మాట చెప్పకుండా ఏడాది కాచుకుంది. పురుగు బయటపడటానికి ఒక్క ఏడాది పట్టింది, ఆ కుండలో బల్లి లేదని నాకు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది.