పాట వెనక నడిచే ప్రతిధ్వని

పోయిన వారం మా చిన్నమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి కళ్లు మూసుకుందట, మళ్లీ తెరవలేదు. తమ్ముడు ఫోన్‌లో చెబుతుంటే తిరుచానూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పూలమ్మేవాళ్లను చూస్తూ ‘ఊఁ’ కొట్టాను. ఏడుపు బస్సు దిగాకే వచ్చింది.

మీకు చిన్నమ్మ తెలియదు. తిరుపతిలో ఏళ్ల తరబడి డాన్సు నేర్పింది. మోకాళ్లు మొరాయించాక మేడ మీది గదిలో కంప్యూటర్ పెట్టుకుని భక్తిపాటలు రికార్డు చేసేది. బయటి శబ్దం రాకుండా గోడలకు పాత బొంతలు వేలాడదీసింది. ఫ్యాన్ ఆపేస్తే ఆ ఉక్కలో ఎవరి పాటైనా కలలో విన్నట్టే ఉండేది.

నా గొంతుకో జబ్బుంది. చరణం చివర మెల్లగా సాగిపోతుంది. వేరేచోట రికార్డింగుకు వెళితే, తాళం నిలవడం లేదమ్మా అని పంపేశారు. ఇక పాడటం మానేద్దామనుకుంటూనే చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను.

పాట వేగం ఎంతో కంప్యూటర్‌కు చెబితే, గొంతుకు మనం జోడించిన ప్రతిధ్వని సరిగ్గా తాళం మీద వచ్చి పడుతుంది. నేనేమో సాగదీస్తాను, దాని వేగం మారదు. నా మాట పూర్తికాకముందే అది వచ్చి మీద పడేది. అందుకే అందరూ నన్ను తాళం కోసం చెవిలో టిక్కుటిక్కుమనే శబ్దానికి కట్టేయాలని చూశారు. చిన్నమ్మ ఆ శబ్దాన్నే ఆపేసింది.

“నువ్వు పాడుకో మే. అది నీ ఎనకాలే వస్తాది,” అంది.

“రాకపోతే?”

“యాడికి పోతాది? నేనుండా గదా.”

నేను పాడడం అయ్యాక పాటంతా మళ్లీ వింటూ, డాన్సు పిల్లలకు తాళం వేసినట్టే కంప్యూటర్ మీట మీద వేలితో కొట్టేది. నేను నెమ్మదించిన చోటల్లా తెరమీద పాట వేగాన్ని చూపే గీత కిందికి వంగేది. ప్రతిధ్వనీ నెమ్మదించేది.

“సూడు, ఈడ నువ్వు నిలబడినావు. అదీ నిలబడింది,” అని మురిసిపోయేది. నిలబడటం తప్పని ఒక్కనాడూ అనలేదు. నేనింకా పాడుతున్నానంటే ఆమె వల్లే.

నిన్న ఆ గది తెరిచాను. మా చివరి పాట సగంలో ఉంది. ఆమె వేసిన గీత పల్లవి దాటి, మొదటి చరణం దాటి, వంపులు తిరుగుతూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడి నుంచి ఆమె తాళం లేదు, గీత తిన్నగా ఉంది. పాట పెట్టి వింటే, అక్కడ ప్రతిధ్వని నన్ను వదిలేసి ముందుకు వెళ్లిపోతోంది. అది విని దుఃఖం ఆపుకోలేకపోయాను.

కాసేపటికి కళ్లు తుడుచుకుని మీట మీద వేలు పెట్టాను. నా గొంతుకు నేనే తాళం వేసుకుంటూ వెళ్లాను. చివరి మాట దగ్గర పాట అలవాటుగా సాగింది. నా వేలు గాలిలోనే ఆగి, దానికోసం ఎదురుచూసింది.